రొట్టెల పొయ్యిలో బోల్టులు

ప్లేటింగ్ పని నేర్చుకుందామని వచ్చే కుర్రాళ్ళు షెడ్డులో అడుగుపెట్టగానే క్రోమియం తొట్టె ఎక్కడుందని అడుగుతారు. నేను వాళ్ళని తీసుకెళ్ళి కుళాయి దగ్గర నిలబెట్టేవాణ్ణి. మొహాలు మాడ్చుకునేవారు. కొందరు మర్నాడు రాలేదు కూడా. రానివాళ్ళ గురించి నాకేం బెంగ లేదు. నిలబడ్డవాళ్ళ కోసం, ఇకముందు వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నా పేరు ప్రకాశరావు. మాది రాజమండ్రి. పాత కార్లను ముచ్చటపడి బాగుచేయించుకునే వాళ్ళకి బోల్టులు, బంపర్లు, తలుపుల పిడులు, హెడ్‌లైట్ల చుట్టూ ఉండే రింగులు తుప్పు తీసి, కడిగి, పైన లోహపు పూత వేసి ఇవ్వడం నా పని. మా నాన్నగారు లూథరన్ బడిలో మాస్టారు. నన్నూ మాస్టారిని చేద్దామనుకున్నారు. నేను ప్లేటింగ్ షెడ్డులో చేరానని తెలిసి చాలా రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాతెప్పుడో మా చర్చిలో ప్రభు భోజనం గిన్నెకి వెండి పూత వేసి తెస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "ఊఁ, బాగానే ఉంది" అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

కడగడమే పని

నాకు పని నేర్పింది, చివరిదాకా నాకు యజమానిగా ఉన్నది భాస్కరరావు గారు. ఆయన సైకిల్ రిమ్ములతో, పెళ్ళి బ్యాండు వాళ్ళ బాకాలతో మొదలుపెట్టి కార్ల దాకా వచ్చిన మనిషి. నోరు పెద్దది. చెయ్యి మాత్రం మహా నెమ్మది. తొట్టెలోని ద్రావణం రంగు చూసి అందులో ఏం తగ్గిందో చెప్పేవారు. నా మొదటి నెలల్లో నన్ను తొట్టెల దగ్గరికే రానివ్వలేదు. కడగమనేవారు. కడిగి చూపిస్తే, "మళ్ళీ కడుగు" అనేవారు.

ఒకసారి నాకు ఒళ్ళు మండి, "ఇంకా ఏం కడగాలండీ, అద్దంలా ఉందిగా" అన్నాను. ఆయన ఆ బంపర్ మీద చెంబుడు నీళ్ళు పోశారు. నీళ్ళు అంతటా పల్చగా పరుచుకోలేదు. అక్కడక్కడా చిరిగి, బొట్లు బొట్లుగా నిలబడ్డాయి. బొట్టు నిలిచిన ప్రతిచోటా కంటికి కనపడని జిడ్డు ఉన్నట్టే. అక్కడ పూత పట్టదు. పట్టినట్టు నటించి, రెండు వానలకి పొలుసులుగా లేస్తుంది. నీటి పొర ఎక్కడా తెగకుండా జారినప్పుడే ముక్క శుభ్రమైనట్టు. పనిలో చేరే కుర్రాళ్ళని ముందు కుళాయి దగ్గర నిలబెట్టింది ఇందుకే.

ఆ నీళ్ళ గురించి కూడా చెప్పాలి. ఎండాకాలంలో మన దగ్గర కాలువలు కట్టేస్తారు. ఆ రోజుల్లో చాలామంది బోరు మీద పడతారు. సముద్రం వైపు దిగువకి వెళ్ళినకొద్దీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో కడిగిన బోల్టు ఆ పూటకి బంగారంలా ఉంటుంది, వర్షాకాలానికి పూత కింద నుంచి ఎర్రగా కారుతుంది. అందుకే నేను పెరటి డ్రమ్ముల్లో వాన నీళ్ళు పట్టి దాచేవాణ్ణి. మా ఆవిడ ఆ డ్రమ్ముల్లో చెంబు ముంచబోతే ఇంట్లో యుద్ధమే. చివరికి మూతలకి తాళాలు వేశాను. ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇంకో మాట. తొట్టెల మీద నుంచి లేచే ఆవిరిని గౌరవించండి. మా రోజుల్లో ముక్కుకి తువ్వాలు చుట్టుకుని మగతనం అనుకున్నాం. మొన్న డాక్టరు గారు నా ముక్కులో లైటు వేసి చూసి, అవతల పక్క కనిపిస్తోందన్నారు. క్రోమియం ఆవిరి మధ్య గోడని తినేసింది. మాస్కు లేదనే యజమాని దగ్గర ఒక్కరోజు కూడా చెయ్యకండి.

ఇత్తడి అనుకున్న ఇల్లాలు

పెనుగొండలో బట్టల కొట్టు ఉన్న ఒకాయన తన పాత జీపు బోల్టులన్నీ మాకిచ్చారు. జింకు పూత వేసి, ఆపైన తుప్పు పట్టకుండా పసుపు రంగు మందులో ముంచి ఇచ్చాం. ఆ పసుపుదనం మందు వల్ల వచ్చింది, అదే జింకుకి కాపలా. నెల తిరక్కుండా ఆయన వాటిని సంచీలో పోసుకుని వచ్చారు. పసుపు రంగు లేదు, జింకు లేదు, బూడిద రంగు ఇనుము మాత్రం ఉంది.

"ఏంటండీ ఇది? ఇంతేనా మీ పని?" అన్నారు.

ఆయన వెనకే వచ్చిన ఇల్లాలు మెల్లిగా నోరు విప్పింది. "మరేనండి, జీపు పూజకి ముందు నేనే తోమానండి. ఇత్తడి అనుకున్నాను. చింతపండు పెట్టి, ముగ్గేసి తోమితే దేవుడి గిన్నెలు ఎంత బాగా మెరుస్తాయి. ఇవి మాత్రం తోమేకొద్దీ నల్లబడ్డాయండి."

భాస్కరరావు గారు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ తప్పేముంది? పసుపుగా మెరిసేదాన్ని చింతపండుతో తోమమనే ఆవిడకి వాళ్ళమ్మ నేర్పింది. అది ఇత్తడి కాదని, పులుపు తగిలితే పూత పోతుందని చెప్పాల్సింది మేము. ఆ రోజు నుంచి ముక్క ఇచ్చేటప్పుడు, దీన్ని ఎలా తుడవాలో, దేనితో తుడవకూడదో నోటితో చెప్పి మరీ ఇచ్చాను. చెబుతుంటే చాలామంది విసుక్కునేవారు. విసుక్కోనివ్వండి.

దావీదు అన్నయ్య పొయ్యి

ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

మెత్తటి ఇనుప బోల్టుకి పూత వేస్తే ఏ గొడవా లేదు. చాలా గట్టి ఉక్కుతో చేసిన బోల్టులు వేరు. వాటిని యాసిడ్‌లో వేసినప్పుడు, కరెంటు తొట్టెలో పూత వేసినప్పుడు హైడ్రోజన్ పుట్టి ఆ ఉక్కు లోపలికి దూరిపోతుంది. పైకి ఏమీ కనపడదు. బోల్టు బిగించి వదిలేస్తే, ఎవరూ ముట్టుకోకుండానే, కొన్ని గంటలకో కొన్ని రోజులకో తల ఊడి పడిపోతుంది. ఎంత గట్టి ఉక్కు అయితే అంత ప్రమాదం. దీనికి మందు ఒకటే. పూత వేసిన వెంటనే మంచి వేడిలో ఒక పూటంతా ఉంచాలి. అప్పుడు ఆ వాయువు బయటికి పోతుంది.

ఈ సంగతి నాకు సామర్లకోట చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన ఒక ఫిట్టరు చెప్పాడు. మా షెడ్డులో ఓవెన్ లేదు. కొనమంటే భాస్కరరావు గారు, "ఇన్నేళ్ళ నుంచి పూత వేస్తున్నాను, నా బోల్టు ఒక్కటి విరిగిందా? అంతా నీ చాదస్తం ప్రకాశం" అనేవారు. ఆయనకి మామూలు బోల్టులే ఎక్కువ వచ్చేవి. అవి విరగవు. ఆయన అనుభవం అబద్ధం కాదు, కానీ అది వేరే ఇనుము తాలూకు అనుభవం. పెద్దవాళ్ళ దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

అందుకని నేను మా చర్చి గాయక బృందంలో ఉండే దావీదు అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయనకి బేకరీ ఉంది. ఉదయం బన్నులు దించాక ఆ పొయ్యి సాయంత్రం దాకా వేడిగానే ఖాళీగా ఉంటుంది.

"బోల్టులు కాలుస్తావా? నా పొయ్యిలోనా?" అన్నాడు.

"శుభ్రంగా కడిగి, మూతున్న డబ్బాలో పెట్టి తెస్తానన్నయ్యా. నీ రొట్టెలకి తగలదు."

"రొట్టెలకి తగలకపోవచ్చు. జనం చూస్తే నా వ్యాపారానికి తగులుతుంది. వెనక గుమ్మం నుంచి రా."

అలా చాలా ఏళ్ళు వెనక గుమ్మం నుంచి వెళ్ళాను. గ్యారేజీల వాళ్ళు గట్టి బోల్టులకి 'ప్రకాశం బిస్కెట్లు' అని పేరు పెట్టారు. నేను పట్టించుకోలేదు.

ఒక్క క్రిస్మస్ రోజుల్లో మాత్రం పొయ్యి దొరకదు. దావీదు అన్నయ్య రేయింబవళ్ళు కేకులే కాలుస్తాడు. కాబట్టి ఆ రోజుల్లో గట్టి బోల్టుల పని ముట్టుకునేవాణ్ణి కాదు.

పండగ తర్వాత పెళ్ళి

రాజు గారని మాకు పెద్ద ఖాతాదారు. పాత కార్లు బాగుచేసే గ్యారేజీ ఆయనది. పనిమంతుడు, కోపిష్టి. ఆ ఏడు ఒక పాత అంబాసిడర్‌ని పెళ్ళిళ్ళకి అద్దెకిద్దామని తయారుచేశారు. మొదటి బేరం ఆత్రేయపురం అవతల ఒక పల్లెలో, మండలాఫీసు గుమాస్తా స్టీఫెన్ గారి అమ్మాయి పెళ్ళి. క్రిస్మస్ వెళ్ళగానే ముహూర్తం. పెళ్ళికూతుర్ని ఆ కారులో రాజమండ్రి చర్చికి తీసుకురావాలి.

రాజు గారు ఆ కారు స్టీరింగ్ దగ్గర పాత బోల్టులు తీసేసి, బలంగా ఉండాలని బజారులో దొరికేవాటిలో అన్నిటికంటే గట్టి రకం నల్ల బోల్టులు కొన్నారు. నల్లగా ఉంటే బాగుండదని పూతకి తెచ్చారు. "పండగ వెళ్ళనివ్వండి రాజు గారూ, పొయ్యి ఖాళీ అయ్యాక వేస్తాను" అని డబ్బాలో పెట్టి పండగకి సెలవు పెట్టాను.

తిరిగి పనిలోకి వచ్చింది సరిగ్గా ఆ పెళ్ళి రోజు ఉదయమే. డబ్బా ఖాళీగా ఉంది.

"నేనే వేసి ఇచ్చేశాను" అన్నారు భాస్కరరావు గారు, పేపరు దించకుండానే. "నలుపు వదలక చస్తుంటే, యాసిడ్‌లో గట్టిగా నానబెట్టాల్సొచ్చింది."

"కాల్చారా?"

"పెళ్ళి పెట్టుకుని నీ బిస్కెట్ల దాకా ఎవడాగుతాడు?"

రాజు గారికి ఫోన్ చేస్తే కారు అప్పటికే బయల్దేరి వెళ్ళిపోయిందన్నారు. "పెళ్ళయ్యాక చూద్దాం లెండి. శుభమా అని వెళ్తుంటే ఈ గోలేంటండీ" అని పెట్టేశారు.

స్కూటర్ తీశాను. ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా కాలువ గట్టు పట్టుకుని వెళ్తుంటే ప్రతి మలుపులోనూ కళ్ళు నీళ్ళవైపే పోయాయి. ఆ గట్టు మీద స్టీరింగ్ చెయ్యి జారితే కారు ఎటు పోతుందో మీకు చెప్పక్కర్లేదు.

కారు వాళ్ళింటి ముందు బంతిపూలు కట్టుకుని నిలబడి ఉంది. నిజం చెప్పాలి, చాలా అందంగా ఉంది. పెళ్ళికూతురు తెల్ల గౌనులో గుమ్మం దిగుతోంది. నేను స్టీఫెన్ గారిని పక్కకి పిలిచి చెప్పాను. పక్కన నిలబడ్డ డ్రైవరు శ్రీను విన్నాడు.

"రాజమండ్రి నుంచి ఇక్కడిదాకా నేనే తోలుకొచ్చానండి. ఏమీ అవలేదే" అన్నాడు.

"వచ్చింది బాబూ. తిరిగి వెళ్తుందని నేను చెప్పలేను."

స్టీఫెన్ గారి మొహం ఎర్రబడింది. "ఇంతమంది ముందు ఇప్పుడా అండీ చెప్పేది? అక్కడ చర్చిలో పాస్టరు అయ్యగారు, మగపెళ్ళివారు ఎదురుచూస్తున్నారు. ఈ కారు కోసం పిల్ల ఎంత సరదాపడిందో మీకు తెలుసా?"

చుట్టూ మూగినవాళ్ళలో ఎవరో నేను రాజు గారంటే గిట్టనివాణ్ణి అన్నారు. ఇంకెవరో తాగొచ్చాడన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు ఆ పెళ్ళికూతురే నా దగ్గరికొచ్చి అడిగింది.

"అంకుల్, కచ్చితంగా విరుగుతుందా?"

"తెలీదమ్మా. విరగకపోనూవచ్చు. మా అమ్మాయినైతే నేను ఇందులో ఎక్కించను."

ఆ పిల్ల ఒక్క క్షణం కారువైపు చూసింది. తర్వాత గౌను పైకెత్తి పట్టుకుని, అత్తయ్యలూ పిన్నులూ ఎక్కిన ఆటోలోకి ఎక్కి కూర్చుంది. ఆటో కదులుతుంటే తల మీది ముసుగు ఆటో రాడ్డుకి చిక్కుకుంది. ఎవరో విడదీశారు. స్టీఫెన్ గారు నావైపు చూడకుండా వెళ్ళిపోయారు.

బల్ల మీద

రెండో రోజు రాజు గారు వచ్చి, కారులోంచి విప్పించిన ఆ బోల్టులు మా బల్ల మీద కుమ్మరించారు. "ఇవిగోనండి మీ బిస్కెట్లు. ఒక్కటైనా విరిగిందేమో చూసుకోండి. విరిగింది నా పరువు. ఊళ్ళోవాళ్ళు ఇంక నా కారు ఎక్కుతారా?" అన్నారు.

మందపాటి ఇనుప పలకకి బెజ్జాలు వేసి, ఆ బోల్టుల్ని కారులో బిగించినంత గట్టిగానూ బిగించి, భాస్కరరావు గారి బల్ల మీద ఒక మూల పెట్టాను. ఆయన దాని మీద టీ గ్లాసు పెట్టుకోవడం మొదలుపెట్టారు.

ఒక రోజు గడిచింది, ఇంకోటి గడిచింది. ఏమీ కాలేదు. "ఏంటి ప్రకాశం, నీ పెళ్ళికొడుకులు కులాసానా?" అని రోజూ పొద్దున్నే పలకరించేవారు భాస్కరరావు గారు. నేను నవ్వేవాణ్ణి గానీ లోపల కుమిలిపోయేవాణ్ణి. ఆ పిల్ల జీవితంలో ఒక్కసారి వచ్చే రోజు, ఆటోలో ఇరుక్కుని వెళ్ళింది నా మాట మీదే. నా మాట తప్పైతే? ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. అవి విరిగితే బాగుండునని కోరుకుంటున్నట్టు నాకే తెలిసింది. ఒకరికి ప్రాణం మీదికి వచ్చి ఉండేదని రుజువు కావాలని కోరుకోవడం ఏం కోరిక? మన పనిలో ముందు జాగ్రత్తకి బహుమానం ఉండదు. జరగనిదాన్ని ఎవరికీ చూపించలేం. ఈ పని చేసేవాడు దానికి అలవాటుపడాలి. నాకు మాత్రం పూర్తిగా అలవాటు కాలేదు.

ఆ తర్వాత ఒక ఉదయం భాస్కరరావు గారు పేపరు చదువుకుంటున్నారు, నేను రింగులు తుడుస్తున్నాను. టక్కుమని చిన్న చప్పుడైంది. పలక మీది టీ గ్లాసు ఒరిగి, ఏదో గుండ్రటిది దొర్లి ఆయన ఒడిలో పడింది. ఆయన దాన్ని తీసి వెలుతుర్లో పెట్టి చూశారు. బోల్టు తల. విరిగిన చోట ఎక్కడా సాగలేదు, వంగలేదు, పటికబెల్లం పగిలినట్టు గరుగ్గా ఉంది. ఆ పలకని ఎవరూ ముట్టుకోలేదు. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. కాసేపటికి, "ఓవెన్ ఎంతవుతుందో కనుక్కో" అని మాత్రం అన్నారు. అన్నట్టే కొన్నారు కూడా.

రాజు గారికి కబురు చేశాను. ఎదురుపడితే ఏమేం అనాలో అప్పటికి ఎన్నిసార్లు అనుకున్నానో. ఆయన వచ్చి ఆ తలని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశారు. స్టూలు మీద కూర్చుండిపోయారు.

"ప్రకాశం గారూ, ఇదే రకం బోల్టులు ఇంకో రెండు బళ్ళకి వేశానండి" అన్నారు. "మీ దగ్గరికి తెస్తే ఆగమంటారని వేరేచోట పూత వేయించాను. వాళ్ళు కాల్చలేదు. నేనూ అడగలేదు."

"బళ్ళు ఎక్కడున్నాయండీ?"

"ఒకటి సామర్లకోటలో. షెడ్డులోనే ఉంటుంది, ఆయనకి ఫోన్ చేస్తాను, కదపొద్దని చెప్తాను." ఆయన బోల్టు తలని బల్ల మీద పెట్టేశారు. "రెండోది మా అమ్మాయికిచ్చానండి. పొద్దున్నే కాలేజీకి వేసుకెళ్ళింది."

నేను దాచుకున్న మాటలన్నీ ఎటుపోయాయో తెలీదు. ఆయన సామర్లకోటకి ఫోన్ చేసి చెప్పారు. అమ్మాయికి చేస్తే ఎత్తలేదు, క్లాసులో ఉండి ఉంటుంది. నా స్కూటర్ మీదే బయల్దేరాం. ఆయన వెనక కూర్చుని నా భుజం పట్టుకున్నారు. రోడ్డు పక్క జనం గుమిగూడి కనిపిస్తే చాలు, ఆ పట్టు బిగిసేది. అది ఒకచోట చెరుకు రసం బండి, ఇంకోచోట బస్సు కోసం నిలబడ్డవాళ్ళు.

కాలేజీ ఆవరణలో రేకుల షెడ్డు కింద ఆ చిన్న తెల్ల కారు కనిపించింది. రాజు గారు స్కూటర్ పూర్తిగా ఆగకముందే దిగేశారు. వెళ్ళి బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. గంట కొట్టేదాకా అలాగే ఉన్నారు.

అమ్మాయి స్నేహితురాళ్ళతో నవ్వుకుంటూ బయటికొచ్చి మమ్మల్ని చూసి ఆగింది.

"ఏంటి నాన్నా, మీరిక్కడ?"

"ఏం లేదమ్మా. తాళాలివ్వు. ఇంటికి ఆటోలో వెళ్దాం."

"కారుందిగా నాన్నా."

ఆయన చాపిన చెయ్యి దించలేదు. ఆ పిల్ల నావైపు ఒకసారి చూసి, తాళాలు ఆయన చేతిలో పెట్టింది. ఆయన తాళాలతో పాటు ఆ పిల్ల చెయ్యి కూడా పట్టుకుని, గేటు దాటి ఆటో ఎక్కేదాకా వదల్లేదు.